అడిగిన మాట, వేసిన అడుగు

స్త్రీల వ్యాధులను గూర్చి మన సంఘములలో బాహాటముగా మాటలాడు అలవాటు లేదు. జ్వరము వచ్చినయెడల చెప్పుకొందుము. కాలు విరిగినయెడల చెప్పుకొందుము. గర్భసంచికి వచ్చిన వ్యాధిని మాత్రము కొంగుచాటున దాచుకొందుము. కాబట్టి ఈ వ్యాసము కొందరికి ఇబ్బందిగా తోచవచ్చును. అయినను ప్రియ చదువరులారా, ఇందులో సిగ్గుపడవలసినది ఏమియు లేదు. మనము మౌనముగా నుండుటవలన మన తల్లులును అక్కచెల్లెండ్రును అకాలమున మరణించుచున్నారు గనుక ఈ మాట చెప్పక తప్పదు.

సువార్తలలో పండ్రెండేండ్లు రక్తస్రావముతో బాధపడిన స్త్రీ కథ మనమందరము ఎరిగినదే. వైద్యులకు డబ్బు పోసి ఆమె చేతిలో చిల్లిగవ్వ లేకపోయెను. తన బాధ నలుగురిలో చెప్పుకొనలేక జనసమూహములో వెనుకనుండి వచ్చెను. ఆమె నడచిన త్రోవనే మన కొండ గ్రామముల స్త్రీలు నేటికిని నడచుచున్నారు. ఏండ్లు గడచును, డబ్బు అయిపోవును, నోట మాట మాత్రము రాదు. ఈ త్రోవను కుదించుటకు గడచిన నూట ఎనుబది యేండ్లలో లోకమందు ఏమేమి జరిగెనో, అందులో ఎంత అరకులోయకును పాడేరునకును చేరెనో చూతము.

వ్యాధి యెటువంటిది

మానని పుండునకు మన పెద్దలు రాచపుండనియు పుట్టకురుపనియు పేరు పెట్టిరి. నేడు క్యాన్సరని పిలుచుచున్నాము. శరీరములోని కణములు హద్దు మీరి పెరుగుటయే ఈ వ్యాధి. స్త్రీల అవయవములలో ఇది ముఖ్యముగా మూడు చోట్ల వచ్చును: గర్భసంచి ముఖద్వారమందు, గర్భసంచి లోపలి పొరయందు, అండాశయమందు. యోనియందును బయటి భాగమందును అరుదుగా వచ్చును. మన దేశములో వీటన్నిటిలో ముఖద్వారపు క్యాన్సరే ఎక్కువ. 2022వ సంవత్సరపు అంచనా ప్రకారము ఆ ఒక్క యేట భారతదేశములో 1,27,000 మందికి పైగా స్త్రీలకు అది క్రొత్తగా వచ్చెను. సుమారు 80,000 మంది దానివలన మరణించిరి.

ఈ లెక్క భయము పుట్టించును. కాని ఇందులోనే ఒక ఆశ కూడ కలదు. ముఖద్వారపు క్యాన్సరు ఒక్క రాత్రిలో వచ్చునది కాదు. ముందుగా ఆ చోటి పొరలో చిన్న మార్పు కలుగును. ఆ మార్పు ముదిరి వ్యాధిగా మారుటకు సాధారణముగా పదేండ్లో, అంతకంటె ఎక్కువో పట్టును. కాఫీ మొక్క నాటిన తరువాత కాపునకు వచ్చుటకు మూడు నాలుగేండ్లు పట్టునని అరకు రైతులకు తెలియును. ఈ వ్యాధి అంతకు రెండు మూడు రెట్ల గడువు మనకిచ్చుచున్నది. తొలి దశలో కనుగొని చికిత్స చేసినయెడల నూటికి ఎనుబది మందికి పైగా బ్రదుకుదురు. చివరి దశలో కనుగొన్నయెడల ఇరువది మంది కూడ మిగులరు. వ్యాధి ఒక్కటే. తేడా అంతయు వచ్చిన వేళలో నున్నది.

పట్టణములలో పుట్టిన జ్ఞానము

1842లో ఇటలీ దేశములోని వెరోనా పట్టణమున రిగోనీ స్టెర్న్ అను వైద్యుడు ఆ ఊరి మరణముల పట్టీలను పరిశీలించెను. గర్భసంచి క్యాన్సరు పెండ్లియైన స్త్రీలలో ఎక్కువగాను, మఠములలోని కన్యస్త్రీలలో అరుదుగాను ఉన్నదని ఆయన వ్రాసెను. 1898లో పారిసు నగరమందు క్యూరీ దంపతులు రేడియమును కనుగొనిరి. అదే సంవత్సరమున వియన్నాలో వెర్ట్‌హైమ్ అను శస్త్రవైద్యుడు ఈ వ్యాధికి పెద్ద శస్త్రచికిత్స నారంభించెను. కోయుటకు కత్తియు, కాల్చుటకు కిరణమును దొరికెను. అయినను స్త్రీలు వ్యాధి ముదిరిన పిమ్మటనే ఆసుపత్రికి వచ్చుచుండిరి గనుక ఆ రెండును చాలమందిని కాపాడలేకపోయెను.

తరువాత వైద్యుల చూపు ముందు దశకు తిరిగెను. 1925లో జర్మనీ దేశస్థుడగు హిన్సెల్మాన్ గర్భసంచి ముఖద్వారమును పెద్దదిగా చూపు అద్దపు పరికరమును తయారుచేసెను. దానికి ఆమ్లపు నీరు పూసినయెడల చెడిన చోటు తెల్లబడునని తరువాత తెలిసెను. న్యూయార్కులో పనిచేయుచున్న గ్రీకు దేశస్థుడు పపనికొలావ్, స్త్రీ శరీరమునుండి తీసిన తడిని గాజుపలకపై పూసి సూక్ష్మదర్శినిలో చూచినయెడల క్యాన్సరు కణములు కనబడునని 1928లో ప్రకటించెను. ఆనాడు ఆయన మాటను లక్ష్యపెట్టినవారు తక్కువ. 1943లో ట్రాట్ అను స్త్రీవైద్య నిపుణునితో కలిసి గ్రంథము ప్రచురించిన తరువాతనే వైద్యలోకము చెవి యొగ్గెను. పాప్ పరీక్ష అనునది ఆయన పేరుమీదనే వచ్చినది. ఫిన్లాండు దేశములో 1960వ దశకమున దేశములోని స్త్రీలందరికి వరుసగా పరీక్ష చేయు ఏర్పాటు జరిగెను. అక్కడ ఈ వ్యాధి మరణములు బహుగా తగ్గిపోయెను.

వెరోనా వైద్యుని పట్టీలలోని చిక్కు విడుటకు 141 సంవత్సరములు పట్టెను. 1983లో జర్మనీ దేశస్థుడు హరాల్డ్ జుర్ హౌసెన్, ఈ వ్యాధికి హెచ్.పి.వి. అను సూక్ష్మజీవి కారణమని చూపెను. 2008లో ఆయనకు నోబెల్ బహుమానము వచ్చెను. ఇక్కడ ఒక మాట స్పష్టముగా చెప్పవలెను. ఈ సూక్ష్మజీవి ఆలుమగల కలయికలో సోకు అతి సామాన్యమైనది. స్త్రీపురుషులలో అత్యధికులకు ఎప్పుడో ఒకప్పుడు అది సోకును. చాలమందిలో దానంతటదే పోవును. కొందరిలో మాత్రము నిలిచిపోయి ఏండ్ల తరువాత వ్యాధి తెచ్చును. గనుక ఈ వ్యాధి వచ్చిన స్త్రీ నడతను శంకించుట అజ్ఞానము. ఆ శంకకు జడిసి ఆమె నోరు మూసికొన్నచో, శంకించినవారికి ఆమె మరణములో పాలు కలదు.

మన దేశములో

మన దేశములో కత్తికిని కిరణమునకును ముందుగా మరియొక అడ్డు ఉండెను. పురుష వైద్యునికి స్త్రీ తన శరీరమును చూపదు, ఇంటివారు చూపనియ్యరు. ఆ అడ్డును తొలగించుటకు స్త్రీ వైద్యులే రావలసివచ్చెను. 1870లో క్లారా స్వెయిన్ దొరసాని బరేలీకి వచ్చెను. మన ఆంధ్ర ప్రాంతమునకు 1883లో డాక్టర్ అన్నా కుగ్లర్ వచ్చి, గుంటూరులో 1898 నాటికి స్త్రీలకును పిల్లలకును ఆసుపత్రి తెరచెను. వెల్లూరులో డాక్టర్ ఐడా స్కడ్డర్ 1918లో స్త్రీలకై వైద్య పాఠశాల స్థాపించెను. ఒకే రాత్రి ముగ్గురు భర్తలు వచ్చి, ప్రసవమందు కష్టపడుచున్న తమ భార్యలకు ఆడమనిషే కావలెనని అడిగి, ఆమె తండ్రియగు వైద్యుని రానియ్యకపోయిన సంగతియు, ఆ ముగ్గురు స్త్రీలును మరణించిన సంగతియు మనలో అనేకులు విన్నదే. స్త్రీ చెప్పుకొనగల మనిషి లేనిచోట వైద్యవిద్య యెంత యున్నను వ్యర్థమని ఆ రాత్రి తెలియజేసెను.

మద్రాసు వైద్య కళాశాలలో 1912లో పట్టము పొందిన డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి, తన చెల్లెలు క్యాన్సరుతో మరణించుట కన్నులార చూచెను. ఆమె పట్టుదలవలన 1954లో మద్రాసు అడయారులో పండ్రెండు పడకలతో క్యాన్సరు ఆసుపత్రి ఆరంభమాయెను. అంతకు ముందే 1941లో బొంబాయిలో టాటా ఆసుపత్రి వెలసెను. 1955లో హైదరాబాదులో మెహదీ నవాజ్ జంగ్ పేరుమీద క్యాన్సరు ఆసుపత్రి వచ్చెను. 2014 నుండి టాటా సంస్థకు చెందిన హోమీ భాభా క్యాన్సరు ఆసుపత్రి విశాఖపట్టణములో పనిచేయుచున్నది. దాని ప్రాంగణము అగనంపూడియందున్నది. ఖర్చు విషయములో కూడ దారి తెరువబడెను. 2007లో ఆరోగ్యశ్రీ పేరున ఆరంభమై, తరువాత ఎన్టీఆర్ వైద్యసేవయని పేరు మారిన ప్రభుత్వ పథకము పేదలకు క్యాన్సరు చికిత్సను భరించుచున్నది.

ఇట్లు ఆసుపత్రి బొంబాయినుండి మద్రాసునకు, మద్రాసునుండి విశాఖకు దగ్గరాయెను. ఇక మిగిలినది విశాఖకును కొండకును నడుమనున్న దూరము.

కొండమీది దూరము

అరకులోయనుండి విశాఖపట్టణము నూరు కిలోమీటర్లకు పైగా ఉన్నది. 1960వ దశకములో కొత్తవలస కిరండూలు రైలుమార్గము వేయబడెను. ఘాటు రోడ్డుమీద బస్సులు నడచుచున్నవి. 2022లో పాడేరు ముఖ్యపట్టణముగా అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడెను. ఇవన్నియు మేలే. అయినను రోడ్డుకు చేరవలెనంటే కొన్ని గ్రామములనుండి నేటికిని రోగిని కర్రకు కట్టిన డోలీలో మోసికొని రావలసియున్నది. డోలీ మోయుటకు నలుగురు మగవారు కావలెను. ప్రసవపు నొప్పులకు, పాము కాటుకు నలుగురు లేచి వత్తురు. బట్టకు రక్తపు మరక అంటినదని చెప్పి ఏ స్త్రీ నలుగురిని లేపగలదు?

దారి దూరమునకు తోడు మాట దూరమున్నది. కొండదొర, కొటియ, పోర్జ, గదబ, ఖోందు కుటుంబములలో ముసలి తల్లులు అనేకులకు ఇంటి భాషయే భాష. తెలుగు సంతలో బేరమాడుటకు చాలును గాని, లోపలి బాధ చెప్పుకొనుటకు చాలదు. అందుచేత ఆమె మొదట దిసారి యొద్దకు పోవును, లేదా సంతలో వేరు మందు కొనును. కాఫీ పండ్లు కోయు దినములైతే కూలి పోవునని పని ముగియువరకు ఆగును. ఇట్లు ఒక్కొక్క నెల జారిపోవును. వ్యాధి యిచ్చిన పదేండ్ల గడువు ఇట్టి చిన్న చిన్న వాయిదాలలోనే కరిగిపోవుచున్నది.

దిగివచ్చిన పరీక్ష

గ్రామములకు ప్రాథమిక ఆరోగ్య కేంద్రములు కావలెనని 1946లో భోర్ కమిటీ సలహా చెప్పెను. 1952 నుండి అవి ఏర్పడసాగెను. కాని పాప్ పరీక్షకు సూక్ష్మదర్శినియు, దానిని చదువ నేర్చిన నిపుణుడును కావలెను. కొండ ఉపకేంద్రములో అవి యెక్కడివి? కాబట్టి మన దేశపు వైద్యులు హిన్సెల్మాన్ నాటి ఆమ్లపు నీటిని మరల చేతబట్టిరి. ఊరగాయలో వాడు వెనిగరు వంటి పలుచని ఆమ్లమును ముఖద్వారమునకు పూసి, ఒక్క నిమిషము ఆగి, మంచి వెలుతురులో చూచుటయే ఈ పరీక్ష. చెడిన చోటు తెల్లగా కనబడును. నర్సమ్మ నేర్చుకొనగలదు, ఫలితము అప్పుడే తెలియును.

తమిళనాడు దిండిగల్ జిల్లాలో శిక్షణ పొందిన నర్సులు 49,000 మందికి పైగా స్త్రీలను ఇట్లు పరీక్షింప బూనుకొనిరి. ఆ గ్రామములలో ఈ వ్యాధి మరణములు నూటికి 35 వంతున తగ్గెనని 2007లో తేలెను. బొంబాయి పేటలలో పదవ తరగతి చదివిన స్త్రీలకు నాలుగు వారముల శిక్షణ నిచ్చి ఈ పనికి పంపిరి. అక్కడ మరణములు నూటికి 31 వంతున తగ్గెనని 2013లో ప్రకటించిరి. మహారాష్ట్రలోని ఉస్మానాబాదు జిల్లాలో హెచ్.పి.వి. సూక్ష్మజీవిని కనుగొను పరీక్ష ఒక్కమారు చేసినందుననే మరణములు సుమారు సగమునకు తగ్గెనని 2009లో తెలిసెను. హైదరాబాదు సమీపమున మేడ్చల్ మండల గ్రామములలో, స్త్రీ తానే మరుగున నమూనా తీసి యిచ్చుట పనికివచ్చునా యని పరిశోధించి, 2009లోనే ఫలితములు ప్రకటించిరి. 2021 నాటికి ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడ ఆ పద్ధతిని అంగీకరించెను. సిగ్గుపడు స్త్రీకి ఇంతకంటె దగ్గర దారి లేదు.

2016లో కేంద్ర ప్రభుత్వము 30 మొదలు 65 ఏండ్లవరకు గల స్త్రీలకు ఐదేండ్లకొకమారు ఆమ్లపు పరీక్ష చేయవలెనని నియమావళి నిచ్చెను. అయినను 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 30 మొదలు 49 ఏండ్ల వయసుగల స్త్రీలలో ఈ పరీక్ష ఎన్నడైనను చేయించుకొన్నవారు దేశమంతట నూటికి ఇద్దరు కూడ లేరు. పరీక్ష కొండదాక దిగివచ్చెను. దానిని చేయించుకొనుమని అడుగు మనిషి మాత్రము ఇంకను గడప యొద్దకు రాలేదు.

అడుగక చేసిన కీడు

ఈ చరిత్రకు చీకటి ప్రక్క కూడ కలదు. దానిని దాచుట న్యాయము కాదు. హిన్సెల్మాన్ పరికరముతోనే రెండవ ప్రపంచయుద్ధ కాలమున వైర్ట్స్ అను వైద్యాధికారి ఆష్విట్స్ చెరలోని యూదు స్త్రీలమీద, వారి యిష్టముతో పనిలేకుండ, పరిశోధనలు జరిపించెను. 1951లో అమెరికాలోని బాల్టిమోరు నగరమున హెన్రియెట్టా లాక్స్ అను నీగ్రో జాతి తల్లి, ఐదుగురు బిడ్డలుగల 31 ఏండ్ల స్త్రీ, ముఖద్వారపు క్యాన్సరుతో మరణించెను. ఆమె నడుగకుండ తీసిన కణములు ప్రయోగశాలలలో నేటికిని బ్రదికియున్నవి; వాటివలన లోకమునకు ఎన్నో మేలులు కలిగెను; ఆమె కుటుంబమునకు మాత్రము ఇరువది యేండ్లకు పైగా ఆ సంగతియే తెలియదు. పైన చెప్పిన మన దేశపు మూడు పరిశోధనలలోను, పోలికకై పరీక్ష లేకుండ విడిచిన స్త్రీలలో అనేకులు ఈ వ్యాధితో మరణించిరి. అది న్యాయమా యని పండితులలో వాదము జరిగెను.

మనకు మరింత దగ్గరగా జరిగినది ఒకటి కలదు. 2009లో అప్పటి ఖమ్మము జిల్లాలోని భద్రాచలము, కొత్తగూడెము, తిరుమలాయపాలెము మండలములలో పది మొదలు పదునాలుగేండ్ల వయసుగల సుమారు 14,000 మంది బాలికలకు హెచ్.పి.వి. టీకా వేసిరి. పాత్ అను అమెరికా సంస్థయు, భారత వైద్య పరిశోధనా మండలియు, రాష్ట్ర ప్రభుత్వమును కలిసి నడిపిన కార్యక్రమమది. వారిలో ఆశ్రమ వసతి గృహములలో చదువుకొను గిరిజన బాలికలు అనేకులు. తలిదండ్రులు చేయవలసిన సంతకములు అనేకచోట్ల వార్డెన్లును ప్రధానోపాధ్యాయులును చేసిరి. తరువాత కొందరు బాలికలు మరణించిరి. ఆ మరణములకు టీకాయే కారణమని విచారణ సంఘము తేల్చలేదు. కాని 2010 ఏప్రిలులో కార్యక్రమము నిలిపివేయబడెను. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘము ఆ సమ్మతి సేకరించిన తీరును తీవ్రముగా ఖండించెను.

టీకా మంచిదే, 2023లో మన దేశములోనే తయారైన టీకా బయటకు వచ్చెను. అయినను మంచి పనిని అడుగకుండ చేసినందున, కొండజనులు మంచినే శంకించునట్లాయెను. కాబట్టి నర్సమ్మ గాని, సంఘ పెద్ద గాని, ఏ స్త్రీనైనను ఆసుపత్రికి రమ్మని పిలుచునప్పుడు, ఎందుకో ఆమె భాషలో చెప్పవలెను. ఆమె కాదనుటకు చోటియ్యవలెను. బలవంతముగా ఒకమారు తీసికొనిపోయిన స్త్రీ రెండవమారు రాదు. తనతో పది మందిని కూడ ఆపును.

మొదట వినువారు ఏమి చేయవలెను

క్యాన్సరును నిర్ధారించుట పెద్ద ఆసుపత్రి పని. శంకించి పంపుట దగ్గరివారి పని. ఆశా కార్యకర్త, నర్సమ్మ, ప్రాథమిక కేంద్రపు వైద్యుడు, వీరికంటె ముందుగా ఇరుగుపొరుగు అక్క. వీరు గుర్తుంచుకొనవలసిన సూచనలు ఐదు.

మొదటిది, ముట్టునకు ముట్టునకు నడుమగాని, భర్తతో కలిసిన తరువాతగాని రక్తము కనబడుట. రెండవది, ముట్టు ఆగి సంవత్సరము దాటిన తరువాత ఒక్క చుక్కయైనను రక్తము కనబడుట. ఇట్టివారు నూరుమందిలో సుమారు తొమ్మండుగురికి మాత్రమే క్యాన్సరుండును; గనుక బెదరనక్కరలేదు. కాని ఆ తొమ్మండుగురెవరో పరీక్షింపక తెలియదు గనుక తడవు చేయరాదు. మూడవది, దుర్వాసనతోనో రక్తపు చారలతోనో వచ్చు తెల్లబట్ట ఒక విడత మందునకు మానకుండుట. నాలుగవది, పొట్ట ఉబ్బరము, కొంచెము తినగానే కడుపు నిండుట, పొత్తికడుపు నొప్పి, మాటిమాటికి మూత్రము. ఇవి నెలలో పండ్రెండు దినములకు మించి ఉండుట, ముఖ్యముగా 50 ఏండ్లు దాటిన స్త్రీకి. ఇది అండాశయపు వ్యాధి సూచన కావచ్చును. యునైటెడ్ కింగ్‌డములో రెండు లక్షలకు పైగా స్త్రీలతో చేసిన పరిశోధనలో, బాధ లేనివారికి ముందుగా పరీక్షలు చేసినందువలన అండాశయపు క్యాన్సరు మరణములు తగ్గలేదని 2021లో తేలెను. కనుక ఆ వ్యాధి విషయమై స్త్రీ మాట వినుటయే మనకున్న సాధనము. ఐదవది, బయటి భాగమున మానని పుండుగాని, గడ్డగాని, విడువని దురదగాని ఉండుట.

ఈ సూచనలు కనబడినప్పుడు సాధారణముగా జరుగు పొరపాట్లు కలవు. రక్తహీనతయని ఇనుము మాత్రలిచ్చి, రక్తమెటు పోవుచున్నదో అడుగకుండుట. తెల్లబట్టకు అవే మాత్రలు మూడు నాలుగుమార్లు ఇచ్చుట. ఉబ్బరమును గాలియనుట. ముట్టు ఆగు వయసు గనుక సహజమేననుట. సరియైన పని వేరు: ఒకమారు పరికరముతో లోపల చూడవలెను, గడ్డయో పుండో కంటికి కనబడినయెడల ఆమ్లపు పరీక్షకొరకు ఆగక వెంటనే పెద్ద ఆసుపత్రికి పంపవలెను. ముట్టు ఆగిన స్త్రీలలో ఆ చోటు లోపలికి ముడుచుకొనును గనుక ఆమ్లపు పరీక్ష వారికి అంత నమ్మదగినది కాదు. పరీక్షలో తెల్లబడినంతమాత్రాన క్యాన్సరని కాదు. దానిని చిన్న చికిత్సతో అక్కడికక్కడే తొలగింపవచ్చును.

దీనికి ఎదురుగా మరియొక కీడు కలదు. తెల్లబట్ట కనబడగానే క్యాన్సరు వచ్చునని బెదరించి గర్భసంచి తీసివేయుట మన రాష్ట్రములో మితిమీరిపోయినది. అదే 2019-21 సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశములో 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో నూటికి సుమారు తొమ్మండుగురు గర్భసంచి తీయించుకొన్నవారే. ఇది దేశములో మిక్కిలి పై లెక్కలలో ఒకటి. పరీక్ష లేకుండ కోయుమనువానిని, పరీక్ష లేకుండ మాత్రలిచ్చువానిని ఒకే తీరున శంకించుడి.

పంపుట యనగా చీటీ వ్రాసి యిచ్చుట మాత్రము కాదు. ఆ చీటీలో వయసు, బాధ, ఎన్ని నెలలనుండి, ఏ మందు ఇచ్చిరి, ఏ తేదీన పంపిరి అనునవి యుండవలెను. ఇంగ్లండులో 2000 ప్రాంతమున, క్యాన్సరు శంకతో పంపిన రోగిని రెండు వారములలో నిపుణుడు చూడవలెనని నియమము పెట్టిరి. 2023లో దానికి బదులు, 28 దినములలో ఉన్నదో లేదో తేల్చి చెప్పవలెనని మార్చిరి. మన కొండలలో అట్టి నియమము లేదు. అందుచేత తేదీ వ్రాసికొని దినములు లెక్కించు పని మనమే చేయవలెను. పంపిన స్త్రీ చేరినదా, ఎవరు చూచిరి, మరల ఎప్పుడు రమ్మనిరి? ఈ మూడు ప్రశ్నలకు జవాబు వచ్చువరకు పంపినవారి పని ముగియలేదు.

మన సంఘములు చేయగలది

మొదట, స్త్రీల సమాజపు కూడికలో సంవత్సరమునకు రెండుమార్లైనను ఈ ఐదు సూచనలను ఇంటి భాషలో చెప్పించుడి. చదువుకొన్న యువతి తన భాషలో చెప్పినమాట, పట్టణపు వైద్యుని ఉపన్యాసముకంటె ఎక్కువ పనిచేయును. రెండవది, నర్సమ్మ సంతరోజున గాని, కూడికరోజున గాని పరీక్ష చేయుటకు వచ్చునట్లు ఏర్పాటు చేయుడి. మూడవది, విశాఖకు పోవలసిన స్త్రీకి తోడుగా వెళ్లుటకు తెలుగు బాగుగా వచ్చిన ఒక సహోదరిని నియమించి, ఆమె బస్సు ఛార్జీ సంఘపు పెట్టెనుండి ఇయ్యుడి. కాఫీ కోత దినములలో ఆ స్త్రీ పనిని ఇరుగుపొరుగు పంచుకొనుడి.

నాలుగవది, ఆమె గుట్టు కాపాడుడి. ఆదివారపు ఆరాధనలో ఫలాని అక్కకు గర్భసంచి వ్యాధియని పేరుపెట్టి ప్రార్థన చేయుట, ప్రేమతో చేసినను, మిగిలిన స్త్రీల నోళ్లకు తాళము వేయును. ఆమె సెలవిచ్చిననే ఆమె పేరు పలుకవలెను. ఐదవది, భర్తలతో మాటలాడుడి. అనేక గృహములలో ప్రయాణమునకు సెలవిచ్చువాడు భర్తయే. నీ భార్యకు రోగమున్నదని కాక, పరీక్షించినయెడల నీ పిల్లలకు తల్లి మిగులునని చెప్పినచో అతడు గ్రహించును.

కొందరు తడవుగానే వత్తురు. అట్టివారిని ఇక లాభము లేదని ఇంటి మూలకు నెట్టరాదు. దుర్వాసన కారణమున వారి కంచము వేరు, చాప వేరు చేయు గృహములు కలవు. ముదిరిన వ్యాధిలో కూడ కిరణ చికిత్సతో రక్తమును ఆపవచ్చును. నొప్పిని తగ్గించు మందులు కలవు. పుండును శుభ్రపరచి వాసనను తగ్గించు మార్గములు కలవు. అట్టి స్త్రీని కూడ పెద్ద ఆసుపత్రికి పంపవలసినదే. స్వస్థత లేనిచోట ఉపశమనము కలదు.

వెరోనా పట్టీలనుండి కొండ ఉపకేంద్రపు ఆమ్లపు నీటివరకు ఈ చరిత్ర నడచిన దూరము చాల పెద్దది. మిగిలిన దూరము చిన్నది: ఒక గడపనుండి ప్రక్క గడపకు. కాని ఆ చిన్న దూరమును ఏ యంత్రమును దాటలేదు, మనిషియే దాటవలెను. అక్కా, నీ ఆరోగ్యమెట్లున్నది, ముట్టు సరిగా వచ్చుచున్నదా యని ఒకరు అడుగవలెను. ఆమె చెప్పిన తరువాత, ఆమెతోకూడ బస్సు వరకు అడుగు వేయవలెను. ఈ పత్రిక చదువు ప్రతి సంఘములోను ఇట్టి ప్రశ్నకొరకు వేచియున్న స్త్రీ యొకతె యుండవచ్చును. వచ్చు సంతలోపుగా ఆమెను అడుగుడి.